కొత్త బ్లేడేనా?

కల్యాణకట్టలో పద్దెనిమిదేండ్లుగా
తలలు నా ముందర వంగతా ఉండాయి.
కూర్చున్న ప్రతివాడూ అడిగేది ఒకటే మాట:
"కొత్త బ్లేడేనా సామీ?"
కాగితం చించి చూపిస్తా,
సగానికి విరిచి కత్తికి తగిలిస్తా.
ఎవురి తోలు ఎట్లాంటిదో నా వేళ్లకు తెలుసు:
ఎండకు మాడింది, పుండు మాని ముడుచుకుంది,
చంటిబిడ్డ మాడు మీద
ఊపిరికి ఎగిసిపడేది.

నా తోలు సంగతి మాత్రం
రెండేండ్లు ఎవురికీ చెప్పలా.
మొదట ఉచ్చకు మంట.
ఆ తర్వాత ముందుతోలు వెనక్కి రాక
సన్న సన్న పగుళ్లు, ఉప్పు రాసినట్టు.
ధార దారమై పక్కకు పోతా ఉంటే
మరుగుదొడ్డి గోడ పట్టుకొని
గోవిందా అనేవాణ్ణి, భక్తితో కాదు.
రాత్రి రెడ్డెమ్మ "నిద్రొస్తా ఉంది" అనేది.
"నాకూ" అనేవాణ్ణి.
ఇద్దరం గోడగడియారం వింటా పడుకొనేవాళ్లం.

డిపోలో మెకానిక్కు ఖాదర్‌వలి, నాతో చదివినోడు,
వాడికొక్కడికే చెప్పినా. నవ్వుతాడనుకున్నా.
నవ్వలా.
"మా జేజినాయనకు సున్తీ చేసింది
మీ మంగలేనంట చెంగల్రాయా.
మీ చేతుల్లో పుట్టిన పనికి
నువ్వే భయపడితే ఎట్ల?"
మా అత్తకు ఎవురో మోసినారు.
"సాయిబుల ముచ్చట మనకేల?
పేరు కూడా మార్చుకుంటాడా ఏమి?"
రెడ్డెమ్మ చేటలో బియ్యం ఆపలా:
"ఒంటికి మందు కావాల్నా,
మందుకు కులం కావాల్నా అమ్మా?"

కొండ కింద పెద్దాసుపత్రి.
డాక్టరు మునిలక్ష్మి, నా చెల్లెలి వయసుంటాది.
నేను నేలను చూస్తా ఉంటే
ఆమె నా నాలుకను చూసింది, కండ్లను చూసింది,
"షుగరు ఉందా?" అనింది.
నాకా? కాఫీ తప్ప ఏ పాపమూ ఎరగను.
వేలు గుచ్చితే మూడువందల పది.
"తోలు తప్పేమీ లేదు.
రక్తం తీపెక్కింది, ఆ తీపికి బూజు మరిగింది.
ముందు చక్కెర దించాల.
ఆరు వారాలు ఈ ముళాము, పల్చగా, రెండు పూటలా.
బలవంతంగా లాగొద్దు. లాగినది ఇరుక్కొని వాచిందా,
అర్ధరాత్రయినా పరిగెత్తుకొని రావాల.
మెత్తబడితే కత్తితో పనే లేదు.
కోసింది మళ్లీ మొలవదు గదా, తొందరేముంది?"

కోసింది మొలవదు.
ఆ మాట మెట్లెక్కే బస్సంతా నాతో వచ్చింది.
నేను కోసేదంతా మొలిచేదే.
వారానికి గరుకు, నెలకు నలుపు.
ఇన్నేండ్లూ నా చెయ్యి వణకనిది
నేర్పు వల్ల అనుకుంటి.

ఆరు వారాలు.
కాఫీ చేదయింది, చక్కెర దిగింది,
పగుళ్లు పూడినాయి.
ఒక్క తెల్ల వలయం మాత్రం
పాతగాజు మాదిరి బిగిసే ఉండింది.
డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది:
"పైన కొంచెం చీల్చి వదలొచ్చు.
నీకైతే ఈ మచ్చ మళ్లా బిగుస్తాది.
మొత్తం తీస్తే మేలు, తీసింది పరీక్షకు పంపుతా.
ఒద్దంటే ఇంకొన్నాళ్లు చూద్దాం. ఒళ్లు నీది."

నేను అడగలేనిది రెడ్డెమ్మ అడిగింది,
చెంగు అంచు వేలికి చుట్టుకుంటా:
"తర్వాత... తేడా ఉంటాదా?"
"కొందరు ఉందంటారు, కొందరు లేదంటారు.
నొప్పి పోవడమూ తేడానే.
మానేదాకా నెల, నెలన్నర ఓపిక పట్టండి."
ఇంటికొచ్చి మూడు దినాలు
ఆ చీటీని క్యాలెండరు మేకుకు తగిలించి పెట్టినాం,
బొమ్మ గోడవైపు తిప్పి.

వార్డులో తెల్లవారుజామున
ఆపరేషనుకు ముందు గొరగడానికి ఒక పిల్లోడు వచ్చినాడు.
కత్తి పట్టుకున్న తీరు చూసినా.
బొటనవేలు తప్పుచోట ఉంది.
"నాకియ్యప్పా, నా పని ఇది" అందామనుకున్నా.
నా చేతులు చూసుకుంటే
అవి దుప్పటి అంచు వదిలేటట్టు లేవు.
పడుకొని, పైకప్పు ఫ్యాను చూస్తా,
గొంతు తడుపుకొని అడిగినా:

"కొత్త బ్లేడేనా సామీ?"