ముప్పై ఎనిమిదో నంబరు

మూడో మలుపు, పద్నాలుగో వరస, ఇరవై రెండో సీటు.
పందొమ్మిదేళ్లుగా ఈ బల్ల మీదే నా బరువు వేస్తున్నాను.
అల్యూమినియం కూడా కాస్త నాకేసి వంగిందని
ఓపల్ ఎగతాళి.

సాక్సుల మిల్లులో రాత్రి షిఫ్టు దిగి
పొద్దెక్కేదాకా కునుకు తీసి
కూలరు నిండా ఐసు,
వేయించిన బొలోనా శాండ్‌విచ్‌లు నాలుగు,
చెవుల్లోకి నారింజరంగు బిరడాలు.
కరొలైనా కొండల వెనక ఎండ వాలేసరికి
శనివారం శనివారం ఇక్కడుంటాను.
ఇవాళా వచ్చాను,
బుధవారం నుంచీ నాతో నేనే తగువులాడి మరీ.

డెల్‌బర్ట్ క్రౌడర్ మానేశాడు.
మార్చిలో గోడకి కొట్టుకున్నప్పుడు
మెడలో ఏదో నరం నొక్కుకుపోయిందట.
కారు మాత్రం ఉంది.
అదే ఆవపూల పసుపు,
తలుపు మీద అదే వాలుగీతల ముప్పై ఎనిమిది.
లోపల ఎవడో ట్రేస్ హనికట్.
ఇరవయ్యేళ్లు. మీసమింకా
ముఖాన సరిగ్గా సంతకం పెట్టలేదు.

నా జాకెట్ వీపు మీద ఉన్న అంకె
మనిషిదా, రేకుదా?
చర్చిలో అడిగే ప్రశ్న కాదిది.
ఓపల్ని అడిగితే
"ముందు శాండ్‌విచ్ తిను" అంది.

ప్రార్థన అయింది. టోపీలు మళ్లీ తలలెక్కాయి.
ఇరవై ఆరు కార్లు
గొంతులో కోపం నొక్కిపెట్టుకుని
పేస్ కారు వెనక బుద్ధిగా రెండు చుట్లు.
ఆకుపచ్చ జెండా ఊగింది.

ఇక మాటలుండవు.
ఇక్కడ చప్పుడు చెవిదాకా పోదు,
పక్కటెముకల దగ్గరే పట్టుకుంటుంది.
కోక్ డబ్బా మూతి మీద ఒక్కో చుక్కా వణుకుతుంది.
ఓపల్ వేళ్లెత్తి చూపిస్తుంది: తొమ్మిది.
కాసేపటికి రెండు చేతులూ ఎత్తి, ఇంకో వేలు: పదకొండు.
నేను అటు చూడనట్టు చూస్తాను.
టైర్ల నలుసులు పళ్ల మధ్య కరకరమంటాయి.
ఇన్నేళ్లలో మింగిన రబ్బరంతా పోగేస్తే
ఓ టైరు నాలో చుట్టుకుని ఉండొచ్చు.

డెల్‌బర్ట్ గెలిచింది పదకొండుసార్లు.
అది బోర్డు మీద రాసి ఉంది.
మిగతాది నా దగ్గరుంది, స్పైరల్ నోటుబుక్కుల్లో:
ఇంజను పొగై పోయిన రాత్రి,
ఆఖరి చుట్టులో పెట్రోలు అయిపోయి
గీతకి గజం దూరాన ఆగిన రాత్రి,
వానొచ్చి, అందరూ పోయాక
ఓపలూ నేనూ కూలరు మూత గొడుగు పట్టిన రాత్రి.

స్కానరు ఒళ్లోనే ఉంది.
ఆ పిల్లాడి గొంతు వినబుద్ధి కాలేదు.
అరవయ్యో చుట్టులో
వాడి కారు తోక జారింది, సరిగ్గా నా ముందే,
గోడ బెత్తెడు దూరం.
చెయ్యి దానంతటదే హెడ్‌ఫోను పెట్టుకుంది.

"జారుతోంది, జారుతోంది" అంటున్నాడు పిల్లాడు.
"జారనీ.
స్టీరింగుతో కొట్లాడకు.
పైన, గోడ పక్కన పట్టుంది. దాన్నడుగు.
బయట ఒకడున్నాడు. ఇంకా ఉన్నాడు.
ఇంకా ఉన్నాడు.
పోయాడు."

ఆ గొంతు.
పందొమ్మిదేళ్లు నా చెవిలో
ఒట్టి తిట్లూ ఫిర్యాదులూ పోసిన గొంతు.
ఎదురుగా టవరు కప్పు మీద
వరసగా నిలబడ్డ స్పాటర్లలో
మెడకి తెల్లపట్టీ ఉన్న మనిషి,
తల తిప్పలేక
కారు తిరిగినప్పుడల్లా ఒళ్లంతా తిరుగుతున్నాడు.

ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలీదు.
ఓపల్ నా జాకెట్ అంచు లాగుతోంది,
వెనకవాళ్లకి అడ్డమట.

పిల్లాడు పన్నెండోవాడుగా వచ్చాడు, ఒక చుట్టు వెనకబడి.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
దీపాల కింద నోటుబుక్కు తీశాను.
డ్రైవరు పేరు రాసే గడి దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.

"మనం" అని రాశాను.
పన్నెండు.
తోక జారుతోంది. గోడ పక్కన పట్టుంది.

పార్కింగులో కార్లు కదలడానికి గంట పడుతుంది.
మిగిలిన శాండ్‌విచ్ ఓపల్‌కీ నాకూ చెరిసగం.