మూడు దెబ్బలు, ఆగి రెండు

మా నాయినది గొంగడి.
వాళ్ల అబ్బాది దూది.
నడుమ మూరెడు మట్టిగోడ,
దాని మీద ఇటొకటి అటొకటి
మా ఇద్దరి కాళ్లు.

నాకు సైదులని పేరు పెట్టింది
జాన్‌పాడు దర్గకాడ మొక్కిన మా అవ్వ.
మౌలాబి నవ్వేది:
"కురుమోళ్ల పిలగానికి మా పేరేందిర?"
"మీదని దాని మీద రాసున్నదా?" అనెటోన్ని.
అప్పటికి ఇద్దరికీ రాసుడే రాదు.

ఆ యేడు జొన్న ఏపుగ పెరిగింది.
రజాకార్లొస్తే ఊరు ఊరంత
ఆ చేన్లనే దాగాలె.
డోలు కొట్టి చెప్పుదామంటే
డోలును బూటుకాళ్లతోటి చింపిండ్రు.
బురుజెక్కిన ఎంకులు మామ
మళ్ల దిగలే.

అప్పుడన్నది మౌలాబి:
"దూదేకే విల్లున్నది గద.
రోజు వినే సప్పుడు, ఎవనికీ అనుమానం రాదు.
మూడు దెబ్బలు. ఆగి, రెండు.
అంటే వస్తుండ్రని."

శ్రావణంల ఒక పొద్దుగాల
గుర్రాలు మూసి దాటిన సప్పుడు.
నన్నేసాబు సంతకు పోయిండు.
విల్లేమో ఆమె కంటే పొడుగు.
దూలానికి తాడేసి కట్టి
కొయ్య కొడుపు రెండు చేతుల పట్టి
టంయ్ టంయ్ టంయ్.
టంయ్ టంయ్.

గొర్లదొడ్డి కాడ నేను విన్న.
నోట్లె రెండేళ్లు పెట్టి ఈలేసిన.
జొన్నచేను ఒక్కసారి ఊగి
ఊరిని మింగింది.

తుపాకోడొకడు తలుపుల నిలబడ్డడు.
"ఏం కొడుతున్నవ్ పిల్లా?"
"రజాయికి దూది, సాబ్. చలికాలమొస్తది గద."
ఆపితే అనుమానమని ఆపలే.
బొటనేలు చిట్లి
తెల్లటి దూదిల ఎర్ర చుక్కలు పడుతుంటే
దూది మీద దూది కప్పుకుంట ఏకింది.
అది లేచి వాని మీసాల నిండింది.
వాడు తుమ్మిండు. తుమ్మి తుమ్మి
తుపాకిని చేతికట్టె చేసుకొని బయటపడ్డడు.
(మా మనుమరాలు ఈడ నమ్మదు.
నిజమే బిడ్డా, ఏడు తుమ్ములు.
మౌలాబి లెక్కపెట్టింది.)

భాద్రపదంల
సూర్యాపేట తొవ్వ మీద మిల్ట్రీ మోటర్లు.
రజాకార్లు టోపీలు బాయిలేసి ఉరికిండ్రు.
తేలుతున్న టోపీల మీద మేం రాళ్లేసినం.
మూడొద్దులు పండుగే.

నాలుగోనాడు
పక్కూరి నుంచి కట్టెలు పట్టుకొని కొందరొచ్చిండ్రు.
"దూదేకులోళ్ల ఇల్లేది?"
అడిగిన తీరుకే నా కడుపు సల్లబడ్డది.

గోడ దుంకిన.
గుమ్మి ఎనక మౌలాబి,
నోటికి వాళ్లమ్మ చెయ్యి అడ్డం.
గడప మీద నన్నేసాబు,
దండం పెట్టిన చేతులు, రాని మాట.
నా ఒడిసెల ఇంట్లనే ఉండిపాయె.
ఎదురుంగ విల్లు.
నారి తెగుతదని ఎన్నడు ముట్టనియ్యకపోయేది.
ముట్టిన.

మొదలు, అలవాటు చొప్పున
ఊరంత చేనుకే ఉరికింది.
సగం తొవ్వల ఎవరో ఆగిండ్రు:
"రజాకార్లు పోయిరి గద,
ఇగ ఎవని కోసం కొడుతున్నరు?"
మర్లిండ్రు.

ముందుగాల వడ్ల ఈదమ్మ, చేతుల రోకలి.
ఎనక మా నాయిన, భుజాన గొంగడి.
ఎవరూ ఏమనలే.
పెండ్లికొచ్చినట్టు వచ్చి వాకిట్ల కూసున్నరు.
ఈదమ్మ ఒక్కతే అన్నది:
"ఈ సప్పుడుకే బతికినం మేం.
మమ్ముల దాటి పోండ్రి, సూద్దాం."

కట్టెలోళ్లు శానసేపు నిలబడ్డరు.
వాన మొదలైంది.
పోయిండ్రు.

నా చేతుల వణుకు ఆగలే.
గుమ్మి ఎనకనుంచి మౌలాబి వచ్చింది,
తలనిండ దూది, ముసలమ్మ లెక్క.
విల్లు ముట్టినందుకు కొడ్తదనుకున్న.
నారిని ఏలితోటి మీటి చూసుకొని
మెల్లగ అన్నది:
"మూడు గాదుర,
నాలుగు కొట్టినవ్."