అడవి చుట్టూ గోడ

ఆదివారం చీకటితోనే మా నాయనమ్మ యెషిమెబెత్
చేలోంచి ఒక రాయి ఏరేది.
ఒకటే. రెండోది ముట్టేది కాదు.
భుజాన తెల్లటి షమ్మా, చంకలో రాయి,
గుట్ట మీది గుండ్రటి చర్చి దాకా నడక.

చర్చి చుట్టూ అడవి, అడవి చుట్టూ గోడ.
సున్నం లేదు, మట్టి లేదు,
రాయి మీద రాయి, అంతే.
గొండార్ వైపు మిగతా గుట్టలన్నీ ఎప్పుడో బోడిగుండ్లు.

"ఏమని ప్రార్థిస్తావు?" అన్నాను ఒకసారి.
"పాదిరి చదివే గీజ్ నాకెక్కడ వచ్చురా.
ఆమెన్ ఒక్కటే వచ్చు.
అదే మోసుకెళ్తున్నా."

వానలు తప్పిన ఏడు
మా నాన్న అర్ధరాత్రి గొడ్డలితో బయల్దేరాడు.
బస్తా బొగ్గుకి నెల గింజలొచ్చే రోజులు.
గోడ దాటబోతూ చెయ్యి ఆనించాడు.
చేతి కింద వంకర రాయి, ఒక మూల పగిలి.
ఏడేళ్ళప్పుడు మోయలేక
కాలి మీద వేసుకున్నదే.
ఆ గోరు ఇప్పటికీ నలుపే.

తిరిగొచ్చి గొడ్డలి మంచం కిందకి తోశాడు.
ఆ నెలంతా ఆకలితోనే పడుకున్నాం.
అదీ చెప్పాలి కదా.

ఇవాళ నా కూతురు త్సిగె,
మెడలో బాప్తిస్మపు నల్లదారం నములుతూ
కోడిగుడ్డంత రాయి తెచ్చింది.
ఎక్కడ పెట్టినా జారిపోతుంది.
లోపల చెట్ల కింద ఊట చప్పుడు,
ఎండాకాలంలో కూడా.
మళ్ళీ ఎత్తింది. మళ్ళీ జారింది.
నేను చెయ్యి వెయ్యలేదు.

నాన్నే వంగాడు,
రెండు పెద్దరాళ్ళ నడుమ సందుని
వణికే వేలితో చూపించాడు.