ముందుమాట రాయమన్నారు

ఫర్వానియాలో మందుల షాపు మీద మూడో అంతస్తు.
ఏసీ నీళ్ళు బకెట్‌లో పడుతున్నాయి, టప్పు టప్పుమని.
పదకొండు కథలు డైనింగ్ టేబుల్ మీద,
ఎగిరిపోకుండా పైన ఉప్పు డబ్బా.

ముందుమాట మీరే రాయాలాంటీ అన్నారు పిల్లలు.
నేనా? ల్యాబులో రక్తం తీసేదాన్ని.
శుక్రవారం సాయంత్రాలు వీళ్ళకి టీ పెట్టి
ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుతాను. అంతవరకే.

మొదటి రోజు కెజియా అడిగింది,
కథ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలని.
మీ ఊరి నుంచి, అన్నాను అలవాటుగా.
ఏ ఊరు? అంది.
ఎంత తడిమినా నరం దొరకని చెయ్యిలా
నా ముందు చాచి ఉంది ఆ ప్రశ్న.
వాళ్ళమ్మది రాజోలు, నాన్నది నూజివీడు,
ఈ పిల్ల పుట్టింది నేను పనిచేసే ఆస్పత్రిలోనే,
నా కుర్చీకి రెండు గోడల అవతల.
వారం తర్వాత తెచ్చిన కథలో
ఊరి పేరు ఉండాల్సిన చోట వార్డు నంబరు ఉంది.
కొట్టేద్దామని పెన్నెత్తి, దించేశాను.

నౌషీన్ కథలో మనుషులకి పేర్లు లేవు. ఒక కర్టెన్ ఉంది.
ఒకే గదిలో రెండు కుటుంబాలు, మధ్యలో అది,
పసుప్పచ్చ బాతుల బొమ్మలది.
అవతలి అంకుల్ గురక ఆగితే
ఇవతలి పిల్లకి మెలకువొస్తుంది.
ఒకరోజు వాళ్ళు వీసా క్యాన్సిల్ చేసుకుని వెళ్ళిపోతారు.
ఇక గదంతా మనదే అని అమ్మ సంబరపడుతుంది.
పిల్ల కర్టెన్ తియ్యనివ్వదు.
చదివేసరికి నా టీ చల్లారింది. మళ్ళీ పెట్టుకోలేదు.

లోహిత్‌కి పదహారు. గొంతు ఇంకా కుదురుకోలేదు, చేతిరాత కూడా.
వాడి కథలో బకాలా కుర్రాడు తన్వీర్‌ది సిల్హెట్,
ఒక్క మాటలో నాలుగు భాషలు తిప్పుతాడు.
ఏ లిపిలో రాయాలాంటీ?
వినపడ్డట్టే రాయి, మన అక్షరాల్లో, అన్నాను.
"యల్లా భాయ్, జల్దీ, మేడం వెయిటింగ్."
అచ్చుల మధ్యా హల్లుల మధ్యా
వీధి వీధంతా సర్దుకు కూర్చుంది,
స్కూల్ వ్యాన్‌లో ఐదుగురి సీట్లో ఎనిమిదిమందిలా.

వాన కథ ఒకటుంది. అందులో మట్టివాసన పెట్టమన్నాను.
ఇక్కడ వానకి ముందు దుమ్ము వాసన, తర్వాత డ్రైనేజీ వాసన,
మీరు చెప్పేది ఎలా ఉంటుందీ అన్నాడు ఫణీంద్ర.
చెప్పబోయాను.
ఇరవై రెండేళ్ళయింది.
రాసింది బాగుందిలే అని పేజీ తిప్పేశాను.

పదకొండోది ప్రహర్షది. ముగింపు లేదు.
లిఫ్ట్ దగ్గర స్నేహితుడితో వాడి హీరో అంటాడు,
వెళ్తాంరా.
మనం అలా అనకూడదు నాన్నా, వస్తాం అనాలి, అని
ఎర్రపెన్నుతో మార్చాను.
వాడు ఆ ఎరుపు వైపే చూస్తూ మెల్లగా,
కానీ రాము కదాంటీ, అన్నాడు.
వాళ్ళ నాన్న చేతికి కంపెనీ నోటీసిచ్చిందని
నాకప్పటికి తెలీదు.
జూన్‌లో, మార్కులు రాకముందే, విమానం ఎక్కారు.

మిగతావాళ్ళు కొట్టుకున్నారు,
మేం పూర్తిచేస్తామని కొందరు, వద్దే వద్దని కొందరు.
సగం పేజీ ఖాళీగా వదిలెయ్యమంది నౌషీన్.
ప్రింటింగ్ ప్రెస్‌కి ఫోన్ చేస్తే
ఖాళీ అయినా అక్షరాలున్నా పేజీకి ఒకటే రేటన్నారు.

ఇవాళ ఎరుపు మీద తెల్లసిరా పూసి
వెళ్తాం అని మళ్ళీ రాశాను.
నా రాత. వాడి రాతలా రాలేదు.
బకెట్ నిండితే తీసుకెళ్ళి
కరివేపాకు కుండీలో పోసి వచ్చాను.
ముందుమాట ఇంకా రాయలేదు.
పొద్దున ఆరింటికి డ్యూటీ.