పేరు మరీ పొడుగైంది

జనవరి. పొద్దు పదింటికి లేచి
మూడు కాకముందే కొండ దాటిపోయే రోజులు.
తూకం గదిలో హీటరు నా కాళ్ళ దగ్గర చిటపటలాడుతోంది.
లోఫోటెన్ కాడ్ చేపలు ఇంకా దారిలోనే ఉన్నాయి.
అవి వచ్చేలోపు ఈ పని తేలిపోవాలి.

పద్నాలుగేళ్ళ కంప్యూటరు బల్లమీద.
పక్కనే కొత్తది, అట్టపెట్టె విప్పలేదు,
కొత్త చెప్పుల వాసనేస్తోంది.
పాతదాన్ని బడికిస్తున్నాం.
"పుట్టినప్పుడెలా ఉందో అలా చేసివ్వు ఓడ్‌నీ,
పిల్లలకెందుకు మన చేపల లెక్కలు?"
అన్నాడు ఎస్కిల్ మాస్టారు.

ముందు మూట కట్టాలి.
అరచేతిలో పట్టే డిస్కు,
ఉప్పుగాలి తగలకుండా ఊలు మేజోడులో దూర్చి తెచ్చాను.
తీగ గుచ్చాను. ఆకుపచ్చ గీత పాకడం మొదలెట్టింది.
పాలు పొంగుతాయేమోనని కాపలా కాసినట్టు
దాని ముందే కూర్చున్నాను.

పడవల పేర్లు వెళ్ళిపోతున్నాయి.
తేర్నా. హావ్‌గ్లీమ్ట్. అమ్మేసిన బ్రిమ్.
ఏ రోజు ఎన్ని కిలోలు, కాలేయమెంత, గుడ్లెంత,
చేప తలల్లోంచి నాలుకలు కోసే పిల్లలకి కూలెంత.
అందులో ఒక వరస:
ఎస్కిల్, పన్నెండేళ్ళు, నలభై కిలోలు.
చూడండి మాస్టారూ, మీరూ ఆ చేపల లెక్కల్లోనే ఉన్నారు.

తొంభై ఏడు దగ్గర గీత ఆగింది.
ఒక ఫైలు రానంది. పేరు మరీ పొడుగట.

ఇది ఆర్న్‌ఫిన్ పనే.
రాత్రి డ్యూటీ ఆయనది, పగలు నాది.
పదకొండేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నాం,
ఎదురుపడింది మాత్రం తక్కువ.
చెప్పేదేదో ఫైలు లోపల రాయవయ్యా అంటే వినేవాడా,
పేరు పెట్టే గడిలోనే అంతా కుక్కేసేవాడు.
తెరిస్తే లోపల తెల్లకాగితం.

"తేర్నా ఇంకా రాలేదు గాలి వాయవ్యం నుంచి
రేడియో పలకడం లేదు నేను జెట్టీ మీదికెళ్తున్నా
కాఫీ ఫ్లాస్కులో ఉంది నువ్వొచ్చేసరికి
కిటికీలో దీపం వెలుగుతుంటే ఆర్పొద్దు"

వచ్చింది తేర్నా, ఆ తెల్లవారే,
ముక్కుకి మంచు గడ్డం కట్టుకుని, నాలుగు టన్నులతో.
నేనే తూచాను.
ఆ హడావుడిలో దీపం సంగతి మర్చిపోతే
మధ్యాహ్నందాకా వెలిగింది,
కరెంటు బిల్లు చూసి గొణిగింది కూడా ఆర్న్‌ఫినే.
ఇప్పుడు బూడోలో బస్సు నడుపుతున్నాడు.

కత్తిరిస్తేనే పుచ్చుకుంటానంటోంది డిస్కు.
చేపకి తల ఎక్కడ తియ్యాలో నా చేతికి తెలుసు,
కళ్ళు మూసుకుని కోస్తాను.
ఈ వాక్యం దగ్గర కత్తి ఆడలేదు.
గాలి తీశాను. రేడియో తీశాను. జెట్టీ తీశాను.
తేర్నా తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాను.
మిగిలింది: కాఫీ ఉంది దీపం ఆర్పొద్దు.
అప్పుడు కదిలింది గీత.
మొత్తం వాక్యాన్ని తూకం చీటీ వెనక
పెన్సిలుతో ఎక్కించి జేబులో పెట్టుకున్నాను.
అదీ బ్యాకప్పే.

ఇక రెండో పని.
అంతా పోతుంది, సరేనా? అంది.
అప్పిచ్చేవాడిలా మూడుసార్లు అడిగింది.
సరే, సరే, సరే.
తెరమీద చుక్కలు గానుగెద్దుల్లా తిరిగాయి.
నేను రొట్టె తిన్నాను. చీకటి పడింది.
ఎప్పుడో నీలంగా వెలిగి, ఎంతో మర్యాదగా,
మీ భాష ఏమిటి, మీ దేశం ఏది, మీ పేరేమిటి అనడిగింది.
పద్నాలుగేళ్ళు నా వేళ్ళ కింద బతికి!

కోపమొచ్చింది, ఎవరిమీదో తెలియలేదు.
పేరు గడి ఖాళీగా వదిలేశాను,
బడి పిల్లలు నింపుకుంటారు.

చివరగా కీబోర్డు బోర్లించి తట్టాను.
రొట్టె పొడి, ఒక స్టేపుల్ పిన్ను.
అందరికంటే పొడుగు మీట ఊడదీస్తే
దాని కింద అంటుకుని ఒక చేప పొలుసు,
ఎండి, గోటి ముక్కలా, ఇంకా మెరుస్తూ.
మూడు సరేలు అక్కడిదాకా వెళ్ళలేదు.

గిల్లబోయి ఆగాను.
మీట మళ్ళీ నొక్కి బిగించాను. టక్కుమంది.

మాస్టారూ, వచ్చి తీసుకెళ్ళండి.
పుట్టినప్పుడెలా ఉందో అలాగే ఉంది,
దాదాపు.