నేరేడు రంగు గది

కిటికీ లేదని ఓనరు రంగప్ప ముందే చెప్పాడు,
తప్పు ఒప్పుకుంటున్నట్టు, తన చెప్పులవైపు చూస్తూ.
అందుకే అద్దె రెండువేలు తగ్గించాడు.
నేను ఒప్పుకున్నది ఆ తగ్గింపు చూసి కాదు.
ఆయనకి చెప్పలేదు.

హొరమావులో ఐదంతస్తుల బిల్డింగు అడుగున
కార్లూ, నీళ్ల మోటారూ, కరెంటు మీటర్లూ,
వాటి వెనక ఒక తలుపు.
ఒకప్పుడు సిమెంటు బస్తాలు దాచేవాళ్లట.
మూలల్లో ఇంకా ఆ దుమ్ము,
తడిస్తే రాయయ్యే రకం.

పెయింటరు ఓబులేసుది కదిరి.
పుచ్చకాయ కొట్టి చూసినట్టు
గోడని పిడికిలితో కొట్టి చూశాడు.
"తెల్లగా ఏసుకోమ్మా. రూము పెద్దగా కనపడ్తాది.
ఇంగ రెండు ట్యూబులైట్లు పెట్టుకో."
అందరూ అదే మాట.
ఫోన్లో మా చెల్లెలు, లిఫ్టులో మూడో అంతస్తు ఆంటీ,
రంగుల షాపు కుర్రాడు సరేసరి,
పుస్తకం తెరిచి మీగడ నుంచి దంతం దాకా
వేలితో ఒక గీత గీశాడు.

రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా
బ్లడ్ బ్యాంకులో నా డ్యూటీ.
అక్కడి వెలుతురు ఉతికి గంజి పెట్టినట్టుంటుంది.
నీడ కూడా కాళ్ల కిందకి దూరి దాక్కుంటుంది.
సంచీ మీద గ్రూపు, నంబరు, తేదీ,
ఒక్క అక్షరం మసకపడకూడదు.
గాజు తలుపు అవతల ఎవరో ఒకరు
చేతిలో చీటీ నలుపుతూ
నా కళ్లనే చూస్తుంటారు.
ఇంటికొస్తే, పాత గదిలో మూడు కిటికీలు.
కర్టెను మీద కర్టెను, దాని మీద దుప్పటి.
రెండేళ్లు పగటితో కొట్లాడాను.
ఒక్కసారీ గెలవలేదు.

"నేరేడు పళ్లు తిని నాలుక చూసుకుంటావే,
ఆ రంగు కావాలి."
ఓబులేసు నాలుక బయటపెట్టబోయి ఆగాడు.
"సీలింగు?"
"సీలింగు కూడా."
"యాడన్నా కాపరముండే రూముకి ఇంత నలుపు ఏస్తారా తల్లీ"
అని గొణుక్కుంటూ మూడు రోజులు, రెండు కోట్లు.
మొదటి కోటుకి గది పాడుబావిలా కనపడి
నాకే గుండె జారింది. పైకి అనలేదు.
రెండోది ఆరాక
గోడలు చెయ్యి చాస్తే తగిలాయి,
చూస్తే దొరకలేదు.

సామాను జీతం జీతానికీ ఒకటొకటిగా దిగింది.
శివాజీనగర్ నుంచి పాదరసం రాలిన అద్దం,
మొహం కోసం కాదు, ఒక దీపాన్ని రెండు చెయ్యడానికి.
ఇస్త్రీపెట్టె మచ్చ ఉన్న ముదురెరుపు జంపఖానా.
నిమ్మలకుంట తోలు లాంపుషేడు,
దాని మీద నెమలికి కాలు తప్పుగా కోశారు,
సగం ధరకే ఇచ్చారు.
వెలిగిస్తే ఫ్యాను గాలికి ఊగి
ఆ కుంటి నెమలి గోడంతా తిరుగుతుంది.
ఎగ్జాస్టు కన్నంలోంచి ఎవరింటిదో ఉప్మా పోపు.
పొద్దయిందని నాకు అంతవరకు తెలిస్తే చాలు.
నెత్తిమీద మొదటి కారు స్టార్టవుతుంది.
నేను దీపం ఆర్పుతాను.

జూన్ వానలకి ఒక గోడ ఉప్పు పూసింది,
అడుగున జానెడు మేర, తెల్లగా, పొడిపొడిగా.
నక్షత్రాల్లా ఉన్నాయే అంది చెల్లెలు వీడియో కాల్లో.
వేలికి అద్దుకుని నాకి చూశాను.
ఉప్పే.

ఓబులేసుని పిలిచాను. గీకాడు, కడిగాడు.
మిగిలిన డబ్బా ఏదని అడిగితే
తల గోక్కున్నాడు.
"ఆ పొద్దే పట్టకపోతినమ్మా. తిట్టుకోవద్దు.
మా పెద్దోడు సెక్యూరిటీ. రేత్రి డ్యూటీ.
పగులంతా నిద్దర లేక గోడకి తిరిగి పండుకుంటాడు.
ఆ గోడొక్కదానికి ఏసినా."
"పడుతోందా నిద్ర?"
"రేకుల రూము కదా, ఉడికిపోతాది. ఐనా..."
బ్రష్షు తుడవడం ఆపి
గోడ మీది నీడని చూశాడు చాలాసేపు.
"ఆ నెమలి యాడ దొరుకుతాది?"
"మీ వైపుదే," అన్నాను.
నమ్మలేదు.