మొండి పలక

"చెక్క అయితే మాట వింటుంది" అంది దెర్నా,
"కొమ్ము అయితే బేరమాడుతుంది.
ఇది మాత్రం, చూస్తూ ఉండు,
రంపాన్నే అరగదీస్తుంది."

మనియాగోలో మార్చి నెల.
కొండ నెత్తిన మంచు ఇంకా దిగలేదు.
దుమ్ము పోవడానికి షెడ్డు తలుపు సగం తెరిచి
చలిని కూడా లోపలికి పిలిచాం.
బల్ల మీద పలక.
బొటనవేలంత మందం, చిక్కటి డికాషన్ రంగు.
మూతపడిన కరెంటు కేంద్రంలో
డెబ్బయ్యేళ్ళు మీటల వెనక నిలబడి
షాకు కొట్టకుండా కాసిన పలక.
గుడ్డ మీద గుడ్డ, గుడ్డ మీద గుడ్డ
జిగురులో ముంచి, మంటలా కాలే ఇనుము కింద నొక్కి
రాయిని చేశారట.
తాను గుడ్డనన్న సంగతి
అది ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది.

మొదటి రంపం పది నిమిషాలు బతికింది.
పళ్ళు తడిమి చూస్తే
పసివాడి చిగుళ్ళంత నున్నగా ఉన్నాయి.
రెండోది సగంలో వంకర తిరిగి
పెన్సిల్ గీత వదిలేసి
తన దారి తాను చూసుకుంది.
మూడోదాన్ని నేనే చంపాను, తొందరపడి.
పొగ లేచింది.
కాలిన రబ్బరు, ఆసుపత్రి వరండా,
పాత రేడియో వీపు వెచ్చదనం
అన్నీ కలిసిన వాసన.

దెర్నా తిట్టలేదు.
మిషను ప్లగ్గు పీకి
మేకుకి వేలాడే చేతిరంపం తీసింది.
దానికి పళ్ళే లేవు!
అంచు పొడుగునా కార్బైడ్ రేణువులు,
తడి తాడుకి అంటుకున్న ఇసకలా.
"కొరికేవాడికి ఇది లొంగదు ఎల్వియో.
గీకేవాడికి లొంగుతుంది. నీళ్ళు పోయి."

సీసా మూతకి మేకుతో పొడిచిన చిల్లులోంచి
చుక్క, చుక్క.
తను లాగుతుంది, నేను పోస్తాను.
గోధుమరంగు బురద బల్లంచు దాటి బూట్ల మీదికి.
మాస్కులో నా ఊపిరి నాకే తిరిగొస్తోంది
రాత్రి తిన్న ఉల్లిపాయతో సహా.
మోచేతి మడతలో దురద.
గోకకూడదు, గోకితే రజను ఇంకా లోపలికి దిగుతుంది.
గంటకి బెత్తెడు.

పలక నిండా చిల్లులు, ఒకప్పటి మీటలవి.
వాటి సందుల్లోంచి పాములా పోయింది పెన్సిలు.
ఒక్కచోట ఆగింది.
తెల్లరంగుతో అచ్చువేసిన అంకె, సగం చెరిగిన ఏడు.
"మా నాన్న షిఫ్టులో ఆ మీట" అంది.
ఇంకేమైనా చెబుతుందేమోనని
సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డాను.
"నీళ్ళు" అంది.

మంగలికత్తికి పిడీ అదే, ఒరా అదే.
రెండు రేకులు, ఒక్కొక్కటి రెండున్నర మిల్లీమీటర్లు.
మందమైతే కత్తి వెనక్కి తూగుతుంది,
పలచనైతే గొంతు దగ్గర వణుకుతుంది.
ఆకురాయితో ఒక రోజు,
నీటికాగితంతో ఇంకో రోజు.
మూడోనాడు వంపు దగ్గర బయటపడ్డాయి పొరలు,
కొండల మ్యాపులో ఎత్తు గీతల్లాగా.
ఇంకాస్త రుద్దితే నేత!
దారం అడ్డం, దారం నిలువు,
ఒకచోట ముడి కూడా.
ఎవరో నేతగత్తె తెగిన పోగుని
హడావుడిగా కట్టేసి వెళ్ళిన ముడి.
మరిచిపోలేదన్నమాట.

ఏడుని మాత్రం లోపలి వైపుకి తిప్పింది దెర్నా.
కత్తి తెరిచి, వెలుతురుకి పెట్టి,
కన్ను చికిలిస్తే తప్ప కనబడదు.

శనివారం స్పిలింబెర్గో నుంచి నోయే వచ్చాడు,
నలభయ్యేళ్ళుగా క్షవరాలు చేస్తున్నవాడు.
తెరిచాడు. మూశాడు. తెరిచాడు. కన్ను చికిలించాడు.
"ఇదేమిటి లోపల, మరక?"
బొటనవేలు నాలికకి తడి చేసుకుని రుద్దబోయాడు.
నేను నోరు తెరిచాను.
దెర్నా నా బూటు తొక్కింది.
"పోదులే" అంది, "గడ్డానికేం అడ్డం రాదు."
మరక పేరు చెప్పి పది యూరోలు తగ్గించమన్నాడు.
తగ్గించింది!
ఆకురాయి ఒకటి అరువడిగితే
వారం రోజులు లెక్క అడిగే మనిషి.

అతను వెళ్ళాక
చిల్లుల ముక్కని గోడకి ఆనించి
దాని ముందు కాసేపు నిలబడింది, చేతులు కట్టుకుని.
తర్వాత, నా వైపు తిరక్కుండానే:
"సోమవారం వచ్చేటప్పుడు మూడు బ్లేడ్లు కొనుక్కురా.
నీ జీతంలోంచి."